మెల్లగా అడుగు

మలేసియాలో హుతాన్ మెలింతాంగ్ దాటి బాగన్ దాతుక్ వైపు వచ్చే రోడ్డు మీద ఒక కూడలిలో మా మేనకోడలి కారు మూడుసార్లు ఆగిపోయింది. వెనక పామాయిల్ గెలల లారీ. దాని వెనక ఇంకో నాలుగు బండ్లు. మొదటిసారి ఎవరూ ఏమీ అనలేదు. రెండోసారి లారీ డ్రైవరు హారన్ కొట్టాడు. మూడోసారికి వరసంతా హారన్లే. నాలుగోసారి ఆమె యాక్సిలేటర్ గట్టిగా తొక్కి క్లచ్ ఒక్కసారిగా వదిలేసింది. కారు దూకినట్టుగా కూడలి దాటింది. పక్క సీట్లో నేనున్నాను. కొంత దూరం పోయాక కొబ్బరి చెట్ల నీడలో బండి ఆపి, స్టీరింగ్ మీద తల ఆనించుకుని, "మావయ్యా, నాకు డ్రైవింగ్ రాదు. లైసెన్సు ఎలా ఇచ్చారో తెలీదు" అంది.

లైసెన్సు ఊరికే ఇవ్వలేదు. మలేసియాలో మాన్యువల్ గేర్ల కారు పరీక్ష అంటే, గట్టు మీద బండి ఆపి, హ్యాండ్ బ్రేక్ వేసి, వెనక్కి జారకుండా పైకి ఎక్కించి చూపించాలి. చాలామందికి అక్కడే చెమటలు పడతాయి. ఆమె అది మొదటిసారే దాటింది. కానీ ఆమె నేర్చుకున్నది డ్రైవింగ్ స్కూలువాళ్ల పాత కారు మీద, తీగతో లాగే యాక్సిలేటర్ మీద. ఇంట్లో కొన్నది కొత్త కారు. అందులో పెడల్‌కీ ఇంజిన్‌కీ మధ్య తీగ లేదు, కంప్యూటర్ ఉంది. ఈ తేడా ఆమెకి ఎవరూ చెప్పలేదు. ఆమె కాలు పాత కారు భాషలో మాట్లాడుతోంది, కొత్త కారుకి ఆ భాష రాదు. దాన్ని ఆమె తన చేతకానితనం అనుకుంది.

నాకు తెలిసినంతలో, మంచి డ్రైవర్లు కాగలిగినవాళ్లలో చాలామంది ఇక్కడే చేతులెత్తేసి ఆటోమేటిక్ బండికి మారిపోతున్నారు. ఆటోమేటిక్ తప్పని నేను అనను. ఆటోమేటిక్ మాత్రమే నడిపేవాళ్లకి మలేసియాలో డీఏ అని వేరే తరగతి లైసెన్సే ఉంది. కానీ "నాకు రాదు" అన్న మాటతో మారడం వేరు, "నాకు వచ్చు, అయినా ఇదే కావాలి" అని మారడం వేరు. మొదటి మాట మనిషి లోపల ఉండిపోతుంది. ఈ అధ్యాయం ఆ మాటని తీసేయడానికి రాస్తున్నాను.

నా సంగతీ ఇదే. నేను ఏళ్లతరబడి కంచిల్ నడిపాను. 1994లో పెరోదువా తెచ్చిన ఆ బుల్లి కారు మా తరానికి సొంత కాలులాంటిది. కార్బ్యురేటర్ ఇంజిను, తీగ యాక్సిలేటర్. కాలు ఎంత కదిలితే లోపల ఇంజిన్‌కి గాలి వదిలే రేకు అంత కదిలేది. తరవాత కొత్త మాన్యువల్ కారు కొన్నాక మూడు నెలలు దానితో గొడవ పడ్డాను. తొక్కితే ఆలస్యంగా అందుకునేది. గేరు మార్చేటప్పుడు కాలు తీసేసినా ఇంజిను రైజ్ అవుతూనే ఉండేది. పికప్ లేదని, ఏదో లోపం ఉందని, పోమెన్ దగ్గరికి తీసుకెళ్లాను (ఇక్కడ మెకానిక్‌ని అలాగే పిలుస్తారు, ఇంగ్లీషు ఫోర్‌మన్ మలయ్ నోట్లో పోమెన్ అయింది). ఆయన ఒక రౌండు తిప్పి తెచ్చి, "బండి బాగానే ఉంది. మీరు కంచిల్ నడుపుతున్నారు" అన్నాడు. నేను నడిపి తెచ్చింది కొత్త కారు కదా అని చిన్నబుచ్చుకున్నాను. ఆయన అన్నది అక్షరాలా నిజమని తెలియడానికి ఇంకొన్నాళ్లు పట్టింది.

మాది బాగన్ దాతుక్, కొబ్బరి సీమ. పెరాక్ నది సముద్రంలో కలిసే చోట, చదునైన నేల. 2017లో ప్రత్యేక జిల్లా అయింది కానీ తెలుగువాళ్లకి ఈ ఊరు అంతకు చాలా ముందే తెలుసు. విశాఖ, శ్రీకాకుళం వైపు నుంచి కంగాణీల (కూలీలను తెచ్చే మేస్త్రీల) వెంట ఓడలెక్కి వచ్చినవాళ్లు ఇక్కడి కొబ్బరి ఎస్టేట్లలో దిగారు. ఇండియా ప్రభుత్వం 1938లో ఆ కూలీల వలసని ఆపేసేదాకా వస్తూనే ఉన్నారు. మా నాన్న ఆ తోటల్లోనే కాయలు దింపేవాడు. చెట్టెక్కి కాదు, దోటితో. వెదురు గెడల్ని ఒకదానికొకటి కట్టి, చివర కొడవలి బిగించి, నేల మీద నిలబడి పైనున్న గెలని కోయడం.

ఆ పని ఎప్పుడైనా చూశారా? అంత పొడుగు వెదురు నిటారుగా నిలబడదు, వంగుతుంది, ఊగుతుంది. కింద చెయ్యి లాగిన క్షణానికి పైన కత్తి కదలదు. లాగుడు గెడ పొడుగునా పాకి, వంపు తీరి, అప్పుడు కొడవలికి అందుతుంది. కొత్తవాడు కింద లాగుతాడు, పైన ఏమీ జరగలేదనుకుని మరీ గట్టిగా లాగుతాడు, రెండు లాగుళ్లూ కలిసి ఒక్కసారిగా చేరి కత్తి గురి తప్పుతుంది. నాన్న మెల్లగా ఒక్కసారి లాగి, ఆ బిగువు అలాగే పట్టి ఉంచేవాడు. పైన కత్తి దిగడం కనిపించేది. "గెడ ఒంపు తీరనీ" అనేవాడు. కొత్త కారు పెడల్ ముందు కూర్చున్నప్పుడు నాకు సాయం చేసింది ఈ మాటే. ఇంజినీర్ల పుస్తకాలు తరవాత చదివాను.

ఇప్పుడు లోపల ఏం జరుగుతుందో చూద్దాం. తెలిస్తే కోపం పోతుంది.

పెట్రోలు ఇంజిన్‌కి గాలి వెళ్లే దారిలో గుండ్రటి రేకు ఒకటి ఉంటుంది. దాన్ని థ్రాటిల్ అంటారు. అది తెరుచుకుంటే గాలి ఎక్కువ వెళుతుంది, కంప్యూటర్ దానికి తగినంత పెట్రోలు చిమ్ముతుంది. పాత బండిలో ఆ రేకుని మీ కాలే తీగతో లాగేది. కొత్త బండిలో పెడల్ దగ్గర రెండు సెన్సర్లుంటాయి. కాలు ఎంత లోతుకి వెళ్లిందో అవి వోల్టేజి రూపంలో చెబుతాయి. రెండెందుకంటే, ఒకటి అబద్ధం చెబితే రెండోది పట్టించడానికి. రెండింటికీ పొత్తు కుదరకపోతే కంప్యూటర్ వాటిని నమ్మడం మానేసి, హెచ్చరిక దీపం వెలిగించి, ఇంటికి చేరేంత శక్తి మాత్రమే ఇస్తుంది. అన్నీ బాగుంటే, మీరు అడిగినదాన్ని లెక్క వేసి, రేకు పక్కనున్న చిన్న మోటారుకి ఆజ్ఞ ఇస్తుంది. బీఎండబ్ల్యూ 1980ల చివర్లో తన పన్నెండు సిలిండర్ల 750 కారులో ఈ పద్ధతి తెచ్చింది. అప్పుడది శ్రీమంతుల సొత్తు. ఇప్పుడు అతి చవకైన బండ్లలోకి కూడా వచ్చేసింది, ఎందుకంటే క్రూయిజ్ కంట్రోల్, చక్రాలు జారకుండా పట్టే వ్యవస్థ, పొగ నియంత్రణ అన్నీ దీని మీదే ఆధారపడతాయి.

ఆ మోటారు బద్ధకపుదేమీ కాదు. మూసి ఉన్న రేకుని పూర్తిగా తెరవడానికి దానికి సెకనులో పదో వంతు చాలు. అంటే మనకి అనిపించే ఆలస్యంలో ఎక్కువ భాగం యంత్రం చేతకాక వచ్చింది కాదు, కావాలని పెట్టింది. ఈ విషయం తెలిసిన రోజు నా కోపం సగం తగ్గింది.

ఎందుకు పెట్టారు? మొదటి గేర్లో ఇంజిన్ తిప్పుడు బలం చక్రాల దగ్గరికి పది రెట్లకు పైగా పెరిగి చేరుతుంది. దాన్ని ఒక్కసారిగా వదిలితే యాక్సిల్ షాఫ్టులు మెలిపడతాయి, ఇంజిన్ తన రబ్బరు దిమ్మెల మీద ఒరుగుతుంది, మళ్లీ వెనక్కి కొడుతుంది. మనం జర్క్ అనేది అదే. కంప్యూటర్ మీ తొక్కుడుని కొంచెం సాగదీసి, మెట్టులా కాకుండా ఏటవాలుగా ఇస్తుంది. కింది గేర్లలో ఈ సాగదీయడం ఎక్కువ, పై గేర్లలో తక్కువ. కూడలిలో మా మేనకోడలికి ఎదురైంది ఇదే.

కాలు తీసినా ఇంజిను రైజ్ అవుతూ ఉండటానికి కారణం వేరు. ఎక్కువమందిని విసిగించేది కూడా ఇదే కాబట్టి కాస్త నిదానంగా చెబుతాను. పరుగెడుతున్న ఇంజిన్‌లో రేకు టక్కున మూసేస్తే లోపల గాలి ఒత్తిడి ఒక్కసారిగా పడిపోతుంది. గొట్టం గోడలకి తడిగా అంటుకున్న పెట్రోలు ఆవిరై లోపలికి పోతుంది, దానికి తగిన గాలి ఉండదు. సరిగ్గా కాలని పెట్రోలు ఆవిరి పొగగొట్టం దాకా వచ్చేస్తుంది. ఆ పొగని శుభ్రం చేసే కేటలిటిక్ కన్వర్టర్ బాగా పనిచేయాలంటే ఒక పాలు పెట్రోలుకి 14.7 పాళ్ల గాలి, తూకంలో, అటూ ఇటూ కాకుండా ఉండాలి. అందుకని కంప్యూటర్ రేకుని మెల్లగా మూస్తుంది. గేరు పడి ఉన్నప్పుడు చక్రాలు ఇంజిన్‌ని పట్టుకుని ఉంటాయి కాబట్టి ఇది తెలియదు. మీరు క్లచ్ తొక్కగానే ఇంజిన్ ఒంటరిదవుతుంది. ఇంకా పూర్తిగా మూసుకోని రేకులోంచి వచ్చే గాలితో, ఇంజిన్ నిమిషానికి ఎన్ని చుట్లు తిరుగుతోందో చూపే ముల్లు అక్కడే తేలుతుంది, కొన్ని బండ్లలో కాస్త పైకి కూడా లేస్తుంది. ఆటోమేటిక్ బండివాడికి ఈ బాధ తెలియనే తెలియదు. మూడో పెడల్ ఉన్నవాళ్లకే ఇది తగులుతుంది. మన పిల్లలు పీల్చే గాలి కోసం ఇంజిన్ ఆ అర సెకను ఆగుతోందంటే నాకు అభ్యంతరం లేదు.

ఇక పనిలోకి దిగుదాం. ఆదివారం పొద్దున్నే మనుషులు లేని చదునైన ఖాళీ స్థలం చూసుకోండి. మా జిల్లాలో చదును నేలకి కొదవ లేదు. ఈ చెప్పేవి ఆంధ్రాలో, తెలంగాణలో నడిపేవాళ్లకీ అచ్చంగా వర్తిస్తాయి. అక్కడా స్టీరింగ్ కుడి వైపే, గేరు ఎడమ చేతికే.

ముందు యాక్సిలేటర్‌ని పూర్తిగా మరిచిపోండి. కుడి కాలు బ్రేక్ దగ్గరే సిద్ధంగా ఉంచి, ఏసీ ఆపి, మొదటి గేరు వేసి, క్లచ్‌ని గోటి మందం చొప్పున వదులుతూ రండి. ఒక చోట ఇంజిన్ గొంతు మారుతుంది, బండి ముందుభాగం చిన్నగా కదులుతుంది. క్లచ్ పట్టే చోటు అదే. అక్కడ కాలు ఆపండి. ముల్లు పడబోతూ ఆగి, మళ్లీ లేస్తుంది. మీరు యాక్సిలేటర్ తొక్కలేదు, మరి ఎవరు లేపారు? బండి ఆగిపోబోతోందని పసిగట్టి కంప్యూటరే రేకు కొంచెం తెరిచింది. చదును నేల మీద చాలా బండ్లు ఇలా కాలు పెట్టకుండానే కదులుతాయి. మా మేనకోడలు ఇది మొదటిసారి చూసినప్పుడు నా వైపు తిరిగి, "నేనేం చేయలేదు మావయ్యా!" అంది. తీగ బండ్లకి ఇంత తెలివి లేదు. కొత్త బండి మీ మీద పగబట్టలేదని, పైగా సాయం చేయాలని చూస్తోందని మీ కాలికి తెలియాలి. ఇరవైసార్లు చేయండి. మధ్యలో ఆగుతూ చేయండి, క్లచ్ ప్లేటు కాలిన వాసన వస్తే పది నిమిషాలు వదిలేయండి. తరవాత ఏసీ వేసి మళ్లీ చేయండి. చిన్న ఇంజిన్‌కి ఏసీ పెద్ద బరువు, ఇక్కడి ఎండల్లో ఏసీ లేకుండా ఎవరూ నడపరు కాబట్టి ఆ బరువుతోనే అలవాటు పడాలి.

తరవాత బండి నిలిపి, న్యూట్రల్‌లో, ముల్లు చూస్తూ యాక్సిలేటర్ నొక్కండి. ఎంత లోతుకి వెళ్లాక ముల్లు కదులుతోంది? 1500 దగ్గర నిలిపి పది లెక్కపెట్టగలరా? వదిలాక ముల్లు కిందికి రావడానికి ఒకటి, రెండు అని లెక్కపెట్టండి. ప్రతి కంపెనీ పెడల్‌ని ఒక్కోలా అమరుస్తుంది. షోరూములో తొక్కగానే హుషారుగా అనిపించాలని కొందరు మొదటి అంగుళంలోనే సగం ఇచ్చేస్తారు. పెట్రోలు ఆదా కావాలని కొందరు మొదట్లో దాదాపు ఏమీ ఇవ్వరు. ఎకో, స్పోర్ట్ అని బొత్తాలున్న బండ్లలో ప్రధానంగా మారేది ఈ అమరికే. మీ బండి ఏ రకమో మీ కాలికి తెలిస్తే సగం పని అయినట్టే. ఒక హెచ్చరిక: నిలబడి ఉన్నప్పుడు చూపిన గుణం నడిచేటప్పుడు కొంత మారుతుంది. అయినా ఇది పనికొచ్చే పరిచయం.

ఇప్పుడు రెండూ కలపాలి. కొత్తవాళ్లు చేసే పొరపాటు అంతా ఇక్కడే ఉంది. వాళ్లు కొద్దిగా తొక్కుతారు. వెంటనే ఏమీ జరగదు. చాలలేదనుకుని ఇంకా తొక్కుతారు. ఈలోగా మొదటి తొక్కుడు ఫలితం వచ్చేస్తుంది, దాని వెనకే రెండోదీ వస్తుంది. బండి దూకుతుంది. భయపడి కాలు మొత్తం తీసేస్తారు. అది కూడా ఆలస్యంగానే అమలవుతుంది, అమలయ్యేసరికి బండి ముక్కు కిందికి పడుతుంది, ఆగిపోబోతుంది. మళ్లీ తొక్కుతారు. బయటినుంచి చూసేవాడికి కప్ప గెంతుల్లా కనిపిస్తుంది. మా నాన్న దోటి పట్టిన కొత్తవాళ్లలో చూసింది ఇదే. మందు ఒక్కటే: క్లచ్ పట్టే చోటికి రావడానికి ఒక్క క్షణం ముందే యాక్సిలేటర్ కొద్దిగా నొక్కి, ముల్లు 1300, 1500 మధ్య లేవనిచ్చి, ఆ కాలుని రాయిలా అక్కడే ఉంచండి. కదలాల్సింది ఎడమ కాలే. కారు పూర్తిగా కదిలాక, క్లచ్ మొత్తం వదిలాక, అప్పుడు కుడి కాలితో ఇంకొంచెం అడగండి. తెలుగులో అడుగు అంటే పాదమూ అవుతుంది, అడగడమూ అవుతుంది. ఈ పెడల్‌కి ఆ రెండర్థాలూ సరిగ్గా అతుకుతాయి.

పై గేరుకి మారేటప్పుడు చాలామంది క్లచ్ తొక్కడం, యాక్సిలేటర్ వదలడం ఒకేసారి చేస్తారు. తీగ బండిలో అది సరిపోయేది. ఇందులో యాక్సిలేటర్ ముందు వదలండి. ఒక కనురెప్పపాటు తరవాత క్లచ్ తొక్కండి. ఆ కాస్త వ్యవధిలో గేరు ఇంకా పడే ఉంది కాబట్టి, రేకు నెమ్మదిగా మూసుకునే ఆ పని చక్రాల పట్టులోనే జరిగిపోతుంది. క్లచ్ తొక్కేసరికి ముల్లు తేలకుండా దిగుతుంది. తరవాత గేరుని తొందర లేకుండా న్యూట్రల్ మీదుగా జరపండి. మూడో గేర్లో 3000 దగ్గర ఉన్న ముల్లు నాలుగో గేరుకి 2200 చుట్టుపక్కలకి రావాలనుకోండి, అక్కడికి వచ్చాక క్లచ్ వదిలితే పక్కనున్నవాళ్ల తల కూడా ఊగదు. ఈ లెక్క మీ బండికి వేరుగా ఉంటుంది, ఒకరోజు గమనిస్తే తెలిసిపోతుంది. మా మేనకోడలికి అన్నిటికంటే ఎక్కువ రోజులు పట్టింది దీనికే. రెండు కాళ్లూ కలిసి కదలడం మన శరీరానికి సహజం. ఒకటి ముందు, ఒకటి వెనక అని నేర్పడానికి కొన్ని వందలసార్లు చేయాల్సిందే. అడ్డదారి నాకు దొరకలేదు.

కింది గేరుకి వచ్చేటప్పుడు ఇంజిన్‌ని కొంచెం రైజ్ చేసి క్లచ్ వదలడం పాత డ్రైవర్లకి అలవాటు. కొత్త బండిలో చిటికె వేసినట్టు తొక్కితే కంప్యూటర్ దాన్ని మింగేస్తుంది. కాస్త ముందుగా, కాస్త ఎక్కువసేపు నొక్కి పట్టాలి. కుడి కాలి ముందుభాగంతో బ్రేక్, మడమతో యాక్సిలేటర్ కలిపి నొక్కే విద్య తెలిసినవాళ్లకి ఒక మాట: చాలా కొత్త బండ్లలో రెండు పెడల్సూ ఒకేసారి నొక్కితే కంప్యూటర్ బ్రేక్ మాటే వింటుంది, యాక్సిలేటర్‌ని తోసిపుచ్చుతుంది. అది మీ ప్రాణం కోసం పెట్టిన ఏర్పాటు. దానితో పోరాడకండి.

మా వైపు ఎత్తు అంటే వంతెనలే. బెర్నం నది మీది వంతెన ఎక్కేటప్పుడు ముందు బండ్లు ఆగితే మనమూ ఏటవాలు మీద ఆగాల్సి వస్తుంది. అక్కడ కంప్యూటర్ ఇచ్చే సాయం చాలదు. హ్యాండ్ బ్రేక్ వేసి, ముల్లుని 1800 దాకా లేపి పట్టి, క్లచ్ పట్టే చోటికి తెచ్చి, బండి వెనకభాగం కొంచెం కిందికి కూర్చున్నట్టు అనిపించాక బ్రేక్ దించండి. పరీక్షలో నేర్చుకున్నదే ఇది. తేడా ఒక్కటే, తొక్కడం ఒక అర క్షణం ముందు మొదలవ్వాలి. ఇక రెండు వరసల రోడ్డు మీద లారీని దాటాలంటే ఎదురుగా ఖాళీ కనిపించాక గేరు తగ్గించకండి, కనిపించకముందే తగ్గించి సిద్ధంగా ఉండండి. గంటకి 60 కిలోమీటర్ల వేగంలో సెకనుకి దాదాపు 17 మీటర్లు పోతాం. గేరు వెతుక్కుంటూ, పికప్ అందుకోడానికి ఎదురుచూస్తూ రెండు సెకన్లు పోగొడితే 34 మీటర్లు ఎదురు వరసలో ఉన్నట్టే.

డబ్బు గురించి కూడా చెప్పాలి. మొదటి మూడు నెలల్లో నేను ఒక దుకాణానికి వెళ్లి, పెడల్‌కీ కంప్యూటర్‌కీ మధ్య పెట్టే చిన్న పెట్టె కొన్నాను. పికప్ పెరుగుతుందన్నారు. మొదటి రోజు నిజంగానే పెరిగినట్టు ఉంది. అది చేసే పనేమిటంటే, మీరు పావు వంతు తొక్కితే సగం తొక్కారని కంప్యూటర్‌కి చెప్పడం. ఇంజిన్ బలం ఒక్క గుర్రం కూడా పెరగదు. పూర్తిగా తొక్కినప్పుడు ముందు ఎంతో తరవాతా అంతే. పైగా కూడలిలో, పార్కింగ్‌లో, వాన పడ్డ రోడ్డు మీద, ఎక్కడ సున్నితంగా అడగాలో అక్కడ పెడల్ మరీ తొందరపడేది. వారం తిరక్కుండా తీయించేశాను. ఆ డబ్బు పోయింది. మీది పోకూడదని చెబుతున్నాను.

నిజంగా లోపం ఉన్న బండ్లూ ఉంటాయి. కొన్నేళ్లకి ఆ రేకు చుట్టూ నల్లటి మసి పేరుకుని, ఐడ్లింగ్ ఊగుతుంది, కూడళ్లలో ఆగిపోవడం ఎక్కువవుతుంది. శుభ్రం చేయిస్తే బాగవుతుంది. కానీ స్విచ్ ఆన్‌లో ఉండగా ఆ రేకుని వేలితో, స్క్రూడ్రైవర్‌తో నెట్టనివ్వకండి. మోటారు ఒక్కసారిగా తిరిగి వేలు నలుగుతుంది, బలవంతం చేస్తే లోపలి పళ్లచక్రాలు పాడవుతాయి. శుభ్రం చేశాకో, బ్యాటరీ తీసి పెట్టాకో కొన్ని బండ్లు ఐడ్లింగ్‌ని మళ్లీ నేర్చుకోవాలి. బండితో వచ్చిన పుస్తకంలో ఆ పద్ధతి ఉందేమో చూడండి. హెచ్చరిక దీపం వెలిగి, ఎంత తొక్కినా బండి లేవకపోతే మాత్రం అది మీ కాలి తప్పు కాదు, పక్కకి తీసి ఆపి, పోమెన్‌ని పిలవండి.

"కంప్యూటర్ చేతిలో పెడితే బండి తనంతట తాను దూసుకుపోదా?" అని మా అక్క అడిగింది. ఈ భయం ఆమె ఒక్కదానిదే కాదు. 2009, 2010లలో కార్లు వాటంతట అవే దూసుకుపోతున్నాయన్న ఫిర్యాదులతో టొయోటా ప్రపంచమంతటా లక్షల కార్లు వెనక్కి పిలిచింది. లోపం కంప్యూటర్‌లోనే ఉందా అని అమెరికా ప్రభుత్వం నాసా ఇంజినీర్లనే పిలిపించి వెతికించింది. 2011 ఫిబ్రవరిలో వచ్చిన నివేదికలో, అలా దూసుకుపోవడానికి కారణమైన ఎలక్ట్రానిక్ లోపం ఏదీ దొరకలేదన్నారు. తేలింది పెడల్‌ని ఇరికించే కాలిపట్టాలు, వదిలినా పైకి లేవని పెడళ్లు. కాబట్టి ఇప్పుడే లేచి వెళ్లి మీ కారులో కాలిపట్టా చూడండి. దాని మీద ఇంకోటి వేసి ఉంటే తీసేయండి. చెప్పులు జారేవైతే నడిపేటప్పుడు వదిలేయండి. ఎప్పుడైనా పెడల్ ఇరుక్కుంటే మూడు పెడళ్ల బండివాళ్లకి ఒక వరం ఉంది: క్లచ్ తొక్కగానే ఇంజిన్‌కీ చక్రాలకీ బంధం తెగిపోతుంది. ఇంజిన్ అరిచినా అరవనివ్వండి. క్లచ్, బ్రేక్, న్యూట్రల్, రోడ్డు పక్కకి. నడుస్తుండగా తాళం మాత్రం పూర్తిగా తిప్పి తీయకండి, స్టీరింగ్ బిగుసుకుపోతుంది.

యాభై దాటాక కాలికి కొత్త అలవాటు నేర్పడం నాకు కష్టమైంది. పాత అలవాటు తప్పు కాదు, ఏళ్లతరబడి నన్ను క్షేమంగా ఇంటికి చేర్చింది. అందుకే దాన్ని వదలడానికి మనసొప్పలేదు. రోజుకి పది నిమిషాలు, రోడ్డు మీదికి వెళ్లేముందు ఖాళీ స్థలంలో ఇవే చేశాను. మూడో వారంలో ఒక సాయంత్రం రేవు దాకా వెళ్లి తిరిగి వచ్చాక, పక్క సీట్లోని మా ఆవిడ నిద్రపోయి ఉందని చూశాను. గేర్లు ఎప్పుడు మారాయో ఆమెకి తెలియలేదు.

మా మేనకోడలికి ఆరు ఆదివారాలు పట్టింది. ఇప్పుడు అదే కూడలి మీదుగా రోజూ తెలుక్ ఇంతాన్‌కి ఉద్యోగానికి వెళ్లి వస్తోంది. కారు వెనక అద్దం మీద కొత్త డ్రైవర్లు పెట్టుకునే పి స్టిక్కర్ ఇంకా ఉంది, రెండేళ్లు ఉంటుంది.

మీ ముందు అలాంటి స్టిక్కర్ ఉన్న బండి కూడలిలో ఆగిపోతే దయచేసి హారన్ కొట్టకండి. లోపల ఎవరో ఎడమ కాలితో ఆ పట్టే చోటు వెతుక్కుంటున్నారు. వాళ్లకి మూడు సెకన్లు ఇవ్వండి.